గుమ్మానికి కట్టిన కాయ

ఫలాల పాఠం చెప్పే రోజు మా బడిలో హాజరు నిండుగా ఉంటుంది. చదువు మీద ప్రేమతో కాదు, పాఠం అయిపోయాక బల్ల మీద పెట్టినవన్నీ పిల్లలకే అని వాళ్లకు తెలుసు. జనగామలో జీవశాస్త్రం టీచరుగా చేరినప్పటి నుంచి నేను ఈ పాఠాన్ని పుస్తకంలో బొమ్మలు చూపించి చెప్పింది లేదు. పొద్దున్నే మార్కెట్టుకు పోయి సంచి నింపుకొస్తాను. టమాటాలు, ముదిరిన బెండకాయ, కందికాయలు, రేగుపండ్లు, దొరికితే మామిడికాయ, గుట్టల మీది సీతాఫలం, ఇంట్లో డబ్బాలోంచి గుప్పెడు మక్కలు, అంటే మొక్కజొన్నలు. ఏ కాలంలో దొరికేవి ఆ కాలంలో.

ముందు టమాటా చేతిలోకి తీసుకుని ఇది కాయా, పండా, కూరగాయా అని అడుగుతాను. ఏటా లొల్లే. "కూరల ఏస్తం గద టీచర్, కూరగాయనే" అని ఒక వరస, "ఎర్రగున్నది, పండు" అని ఇంకో వరస. కొంచెంసేపు కొట్టుకోనిచ్చి, మీరు ఏ పేరు పెట్టినా పూవులో ఉన్న అండాశయం పెరిగితే అదే ఫలం అని చెప్తాను. వాళ్లకు నచ్చదు. బెండకాయ కూడా ఫలమే అంటే నా మీద జాలి పడతారు. ఎండిన బెండకాయను నొక్కితే నిలువునా పగిలి గింజలు రాలతాయి, కందికాయ రెండు పక్కలా విచ్చుకుంటుంది, రేగుపండు అస్సలు విచ్చుకోదు. మామిడి టెంకను గింజ అనుకుంటారు అందరూ. టెంక గింజ కాదు, పండు లోపలి గోడ. దాన్ని పగలగొట్టి లోపలున్న జీడిని చూపించేదాకా ఎవరూ నమ్మరు. మక్కగింజ ఇంకా మాయలాడి. అది గింజ కాదు, మొత్తం ఒక ఫలం. తొక్కా గింజా విడదీయరాకుండా అతుక్కుపోయాయి. సీతాఫలమేమో ఒక్క పండు కాదు, ఒక్క పూవులోంచి వచ్చిన చిన్న చిన్న పండ్ల గుంపు. ఒక్కో కన్ను ఒక్కో పండు. ఈ మాట చెప్పేసరికి నా చేతిలోని సీతాఫలం మీదే అందరి కండ్లూ ఉంటాయి, నా మాట మీద ఎవరి చెవీ ఉండదు.

చివరికి ఒక మాట తప్పకుండా రాయిస్తాను. పైతొక్క, గుజ్జు, టెంక, అన్నీ తల్లి మొక్క ఒళ్లే. గింజ మీది పొర కూడా తల్లిదే. కొత్త ప్రాణం ఆ పొర లోపల ఉన్న పిండం ఒక్కటే. పరీక్షలో వస్తుందని చెప్తే రాసుకుంటారు. ఏండ్ల తరబడి చెప్పి చెప్పి ఆ మాట నాకు ఎక్కం అప్పజెప్పినట్టు అయిపోయింది. దాని బరువు నాకు ఆ మధ్యనే తెలిసింది.

ఇన్ని కాయలు కోసిన ఆ బల్ల మీదికి బూడిద గుమ్మడికాయ మాత్రం ఎప్పుడూ రాలేదు. దానికి కారణం మా అవ్వ.

మా వైపు తల్లిని అవ్వ అంటాం. దంతాలపల్లి మండలంలో మా ఊరు. ఇంటి వెనక బర్రెల కొట్టం, ఆ కొట్టం మీద ఏటా బూడిద గుమ్మడి తీగ. మిరుగం కార్తెలో, అంటే మృగశిరలో, గింజ పెడితే దసరాకల్లా కొట్టం రేకులు కనబడకుండా ఆకు కమ్ముకునేది. పిందెగా ఉన్నప్పుడు కాయ నిండా నూగు ఉంటుంది, ముట్టుకుంటే చెయ్యి దురద. ముదిరేకొద్దీ నూగు పోయి బూడిద పూస్తుంది. అది నిజానికి మైనం. లోపలి తడిని బయటికి పోనీయదు, బయటి చెడును లోపలికి రానీయదు. అందుకే కోసిన కాయ కూడా నెలల తరబడి చెడిపోకుండా ఉంటుంది.

ఆ కాయ మా ఇంట్లో ఏనాడూ కూరలోకి రాలేదు. అది కొత్త ఇండ్ల గుమ్మాలకు కట్టే కాయ. ఊళ్లో ఎవరు ఇల్లు కట్టుకున్నా, దుకాణం తెరిచినా, దర్వాజ దగ్గర నిలబడి "అక్కా, కాయున్నదా?" అని కేకేసేవాళ్లు. ఏం కాయ అని అవ్వ అడిగేది కాదు. కొట్టం మీదికి నాయినను ఎక్కించి, ఈ కాయ కాదు ఆ కాయ అని నాయినను సతాయించి, దింపిన కాయకు పసుపు రాసి చేతుల్లో పెట్టేది. ఒక్క పైసా తీసుకునేది కాదు. గుమ్మానికి కట్టే కాయను అమ్మొద్దని ఆమె పట్టు. ఊరి బజారులో నడుస్తుంటే ఏ గుమ్మానికి వేలాడేది తన కాయో చూసుకుంటూ నడిచేది. ఇంకో ఆడమనిషి మెడలో నగలు చూసుకున్నట్టు. మా అవ్వకు ఊళ్లో ఉన్న పరపతి అంతా అదే, మాకు వేరే ఏం లేదు.

శివరాత్రి దాటాక విత్తనానికని ఉంచిన కాయను నాయిన కొట్టేవాడు. నిండు గుమ్మడికాయను ఆడవాళ్లు కొట్టొద్దంటారు. మొదటి దెబ్బ మగవాళ్లే వెయ్యాలి. డిగ్రీ చదివే రోజుల్లో ఈ మాట మీద నేను ఇంట్లో పెద్ద పంచాయితీ పెట్టాను. "సరే, నువ్వే కొట్టు" అని నాయిన గొడ్డలి నా చేతికిచ్చాడు. అవ్వ లాక్కుంది. నాయిన ఒక్క దెబ్బకు రెండు చెక్కలు చేసేవాడు. అవ్వ గింజలు తీసి, కడిగి, ఆరబెట్టి, పొయ్యి బూడిదలో కలిపి చిన్న కుండలో పోసేది. కుండ మూతికి గుడ్డ కట్టి అటుక మీద పెట్టేది. వాళ్ల అమ్మగారింటి నుంచి తెచ్చుకున్న విత్తనమట అది. ఏ ఏడూ తీగ తప్పలేదు.

మా తమ్ముడు చెల్పూరు కరెంటు ప్లాంటులో పనిచేస్తాడు. అక్కడికి దగ్గర్లోనే రెండు గదుల ఇల్లు కట్టుకుని మాఘంలో గృహప్రవేశం చేశాడు. అవ్వ ఆ ఏటి పంటలో మంచి కాయను ఒడిలో పెట్టుకుని బస్సులో పోయింది. వరంగల్లులో బస్సు మారేటప్పుడు కూడా నాయిన చేతికి ఇవ్వలేదు, పడేస్తాడని. గుమ్మానికి కట్టింది మాత్రం నాయినే. ఎద్దుల పలుపుకు వేసే ముడి వేసి, ఊగులాడించి చూసి, "నేను పోయినా గీ ముడి ఊడదు" అన్నాడు. అందరం నవ్వినం.

ఎండాకాలంలో నాయిన పోయాడు. పొద్దున ఛాతీలో నొప్పి అన్నాడు, మహబూబాబాద్ దవాఖానకు చేరేసరికే అయిపోయింది. ఎక్కువ రాయను దాని గురించి.

దినాల నాడు ఇల్లు కడిగారు. మైల పట్టిన మట్టికుండలు ఇంట్లో ఉండొద్దని మా మేనత్తలు ఉన్న కుండలన్నీ తీసి ఊరవతల పారేశారు. నీళ్ల కుండ, పాల కుండ, అటుక మీది కుండలు, అన్నీ. అది వాళ్లు పద్ధతి ప్రకారం చేసిన పని. ఎవరి కుండలో ఏముందని విప్పి చూసే రోజు కాదు అది. అవ్వ మూలకు కూర్చుని చూస్తూ ఉంది. నేను కూడా అక్కడే ఉన్నాను, నాకు తట్టలేదు.

మిరుగం రోజు ఊళ్లోనే ఉన్నాను, బడి సెలవులు ఇంకా అయిపోలేదు. వాన పడింది. కొట్టం పక్కన గుంత తవ్వలేదు, పెంట ఎరువు వెయ్యలేదు.

"అవ్వా, గుమ్మడి గింజలు పెడ్తలేవా?"

"గింజలేడియే? కుండలతోని పోయినయి."

అప్పుడు అర్థమైంది నాకు. "మరి చెప్పకపోతివేందే గా దినం? నీ కండ్ల ముందటనే గద పడేసిండ్రు" అని గట్టిగానే అడిగాను.

అవ్వ చాటలో బియ్యం చెరుగుతూనే ఉంది. "చెప్పి ఏంజేసేది బిడ్డా. బొట్టు లేని చెయ్యి. నా చేతి కాయ ఇగ ఎవ్వలు గుమ్మానికి గట్టుకుంటరు?"

నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం. "ఎవ్వలన్నరు గట్ల?" అని లేచాను. ఎవరూ అనలేదంది. అనక్కరలేదు కూడా. ఎదురింటివాళ్లు మాఘంలోనే అవ్వ దగ్గర కాయ తీసుకుపోయి పెట్టుకున్నారు, వాళ్ల గృహప్రవేశం జ్యేష్ఠంలో. మొన్ననే జరిగింది. గుమ్మానికి చూస్తే తొర్రూరు నుంచి తెచ్చిన గుండ్రటి కాయ కట్టి ఉంది. నేను పోయి మా కాయ ఏమైందని అడిగాను. "వాగుల ఏసినం" అంది ఆవిడ, మొహం అటు తిప్పుకుని. నాయిన బతికి ఉండగా ఆమె చేతి కాయ మంచిదే. నాయిన పోయేసరికి అదే చేయి, అదే కాయ పనికిరాకుండా పోయాయి. నేను అక్కడ నాలుగు మాటలు అన్నాను. ఏమన్నానో రాస్తే బాగుండదు. ఇంటికి వచ్చేసరికి ఆ నాలుగు మాటలూ నాకంటే ముందే అవ్వకు చేరాయి, నాకు మళ్లీ తిట్లు.

ఎట్లాగైనా ఆ విత్తనం సంపాదించి అవ్వ చేత మళ్లీ పెట్టించాలని పట్టుపట్టాను. కాయలు తీసుకుపోయిన ఇండ్లన్నీ తిరిగాను. కొన్ని కుళ్లి పోయాయి, కొన్ని అమావాస్యకు మార్చేశారు. గుమ్మం నుంచి దింపిన కాయను ఎవరూ ఇంట్లో పెట్టుకోరు, పారే నీళ్లలో వేస్తారు. మహబూబాబాద్ మార్కెట్టులో బూడిద గుమ్మడి గింజల పాకెట్టు దొరికింది. తెచ్చి అవ్వ ముందు పెట్టాను. అటూ ఇటూ తిప్పి చూసి, మంచిగున్నదే అని పక్కన పెట్టింది. నా మనసు నొప్పించొద్దని అన్న మాట అది.

అట్లా మిగిలింది ఒక్కటే కాయ, చెల్పూరులో తమ్ముని గుమ్మానికి వేలాడేది.

నేను బయలుదేరి పోయాను. కాయ చెక్కు చెదరకుండా ఉంది. బూడిద కూడా రాలలేదు. కింద నిలబడి చూస్తే నాయిన వేసిన ముడి కనబడుతుంది. మా మరదలుకు అప్పుడు అయిదో నెల. టేకుమట్ల పిల్ల ఆమె, నెమ్మదస్తురాలు, నేను వచ్చిన పని చెప్తే విని నీళ్లు తెచ్చి ఇచ్చింది. తమ్ముడు మాత్రం ససేమిరా అన్నాడు.

"నాయిన కట్టిండు అక్కా గది. నా చేతులతోని నేనెట్ల దింపుత?"

"గింజలు తీసుకుని తొక్క నీకే ఇస్తరా, మళ్ల కట్టుకో" అన్నాను. నా నోటికి అదుపు తక్కువ.

"నీకంత ఎగతాళే. ఇంట్ల కడుపుతోని ఉన్న మనిషి ఉన్నది. దిష్టికాయ దింపినంక రేపు ఏమన్న అయితే?"

మూఢనమ్మకం మీద వాడికి పాఠం చెప్పబోయాను. సగంలోనే ఫోను మోగింది. అవ్వ. తమ్ముడే చేసి చెప్పినట్టున్నాడు. "నువ్వు గా కాయను ముట్టకు" అంది నాతో. "నాకు గుమ్మడి తీగ ముఖ్యమా, పుట్టే పిల్ల ముఖ్యమా? ఊకో." అంతే, పెట్టేసింది. ఎవరి కోసం కొట్లాడుతున్నానో ఆ మనిషే అట్లా అంటే ఇంకేం చేసేది. బడి తెరిచే రోజు దగ్గరపడింది. చేతులూపుకుంటూ జనగామకు వచ్చేశాను. దారి పొడుగునా కోపం, దాని అడుగున ఏడుపు.

మిరుగం దాటి ఆరుద్ర కార్తె వచ్చింది. ఒక శనివారం సాయంత్రం తమ్ముడు ఫోను చేశాడు. కాయ అడుగున తడి కనబడుతోందట. గుమ్మం ముందు చుక్కలు పడుతున్నాయట. తడి వచ్చిందంటే కాయ పట్టాల్సిన దిష్టంతా పట్టుకుందని లెక్క. ఇక ఉంచొద్దు, దింపి పారే నీళ్లలో వెయ్యాలి.

"వాగు దాకా పోయి మళ్ల తిరిగొచ్చిన అక్కా. పడెయ్య చాతగాలే. మీ మరదలేమో అత్తమ్మ దగ్గరికి తీస్కపోదాం, అత్తమ్మ ఎట్లంటే అట్ల అంటాంది."

"రేపు పొద్దున్నే తీసుకురా" అన్నాను. ఇంకో మాట అంటే మనసు మార్చుకుంటాడేమోనని ఫోను పెట్టేశాను.

మర్నాడు నేను జనగామ నుంచి, వాళ్లు చెల్పూరు నుంచి ఊరికి చేరినం. తమ్ముడు కాయను ఉట్టితో సహా స్టీలు బేసినులో పెట్టుకుని తెచ్చాడు. ముడి విప్పలేదు. ముడి కిందనే తాడు కోసి కాయను దింపాడట, ముడి గుమ్మం కొక్కేనికే ఉందట. బేసినును అరుగు మీద అవ్వ ముందు పెట్టాడు. కాయ అడుగు మెత్తబడి గోధుమరంగు తిరిగింది. పైన మాత్రం ఇంకా తెల్లగా బూడిద.

అవ్వ దగ్గరికి రాలేదు. "దిష్టి తిన్న కాయ గది. గా గింజలు ఇంట్ల పెట్టుకుంటరా ఎవ్వలన్న? తీస్కపోయి వాగుల ఏసి రా పో" అంది తమ్మునితో. అని, మరదలును చూసి, "నువ్వు లోపటికి పో బిడ్డా, నువ్వు చూడొద్దు" అంది. మరదలు లోపలికి పోయి తలుపు చాటున నిలబడింది. ఆమె చీర కొంగు మాకు కనబడుతూనే ఉంది.

దిష్టి లేదు, ఏం లేదు అని మొదలుపెట్టాలని నోటి దాకా వచ్చింది. అట్లా మొదలుపెట్టి నేను ఇంట్లో ఏనాడూ గెలవలేదు. ఎందుకో ఆ రోజు నా క్లాసులో చివరికి రాయించే మాట గుర్తొచ్చింది.

"అవ్వా, దిష్టి దేనికి తాకింది? తొక్కకే గద?"

"తొక్కకే తాకుతది. అందుకే గద కట్టేది."

"గా తొక్క తల్లి తీగది. లోపటి గుజ్జు తల్లిదే. గింజ మీద పొర ఉంటది చూడు, గది గూడ తల్లిదే. పొర లోపట ఉన్న పప్పు ఒక్కటే బిడ్డ. తల్లి వేరు, బిడ్డ వేరు."

అవ్వ నా మొహం చూసింది. "అంటే, తల్లి మీద పడ్డది బిడ్డకు అంటదా?"

ఆమె కండ్లు తలుపు వైపు పోయాయి. కొంగు కదలలేదు.

"అంటదు" అన్నాను. దిష్టిని నమ్మని దాన్ని, దిష్టి అంటదని హామీ ఇచ్చాను. నాకేం సిగ్గు అనిపించలేదు.

అవ్వ కొంచెం ముందుకు జరిగి బేసిను అంచు పట్టుకుంది. "మరి బిడ్డ తల్లి ఒక్కదానిదేనా?"

"కాదు. సగం పోతుపువ్వుది."

తీగకు రెండు రకాల పూలు పూస్తాయని అవ్వకు నేను చెప్పక్కరలేదు. కింద పిందెతో పూసేది ఆడపువ్వు, ఉత్త కాడతో పూసేది పోతుపువ్వు. పోతుపూలే ఎక్కువ. కొట్టం చుట్టూ పొద్దుగూకేసరికి పచ్చగా రాలి పడి ఉండేవి.

"పోతుపువ్వు పొద్దుగాల పూసి మాపటికి రాల్తది" అంది అవ్వ. "గది కాయల ఏడుంటది?"

"కాయల ఏడా ఉండది. తొక్కల లేదు, గుజ్జుల లేదు. గింజల ఉంటది. ఒక్కొక్క గింజల సగం గదే."

"రాలిపోయింది గూడనా?"

"రాలిపోయింది గూడ."

అవ్వ కొట్టం దిక్కు చూసింది. తర్వాత "రోజు ఊడ్చి పారబోసిన" అంది మెల్లగా. ఆ మాట అంటూ కాయ మీద చెయ్యి పెట్టింది. చేతికి బూడిద అంటింది. ఉట్టి తాళ్లను నాయిన అల్లిన తీరు వేళ్లతో తడిమి చూసింది. తమ్ముడు అటు తిరిగి నిలబడ్డాడు.

"కొట్టురా" అంది వాడితో.

కొట్టంలోంచి నాయిన గొడ్డలి తెచ్చాడు వాడు. వాడికి అలవాటు లేదు. మొదటి దెబ్బ పక్కకు జారింది, రెండో దెబ్బకు చీలింది, మూడోదానికి కాయ పగిలి నీళ్లు అరుగు మీద పారాయి. అడుగున సగం కుళ్లింది, అక్కడి గింజలు నల్లబడ్డాయి. పైసగం తెల్లగా గట్టిగానే ఉంది. అవ్వ వేళ్లతో గుజ్జు పక్కకు తీసింది. తీసి ఆగిపోయింది.

గింజలు కొన్ని లోపలే మొలిచాయి. పొరను చీల్చుకుని తెల్లటి వేరు బయటికి వచ్చింది. ముదిరిన కాయల్లో అప్పుడప్పుడూ ఇట్లా జరుగుతుందని చదివాను, చూడటం అదే మొదలు. మూసిన కాయలో, వెలుతురు లేకుండా, గుమ్మానికి వేలాడుతూ మొలిచాయి.

"ఎవ్వల్నడిగి మొలిచినయే గివి?" అంది అవ్వ. నాయిన పోయాక ఆమె మొహంలో నవ్వు చూడటం అదే మొదలు. వెంటనే ఏడ్చింది కూడా. నేనూ ఏడ్చాను.

మొలక వచ్చిన గింజను కడిగి ఆరబెట్టే పని లేదు, ఆగితే ఎండిపోతుంది. మామూలుగా అయితే గురువారమా శుక్రవారమా అని అవ్వ లెక్కలు వేసేది. నేను గుర్తు చేస్తే "మొలకొచ్చినంక ముహూర్తమేందే" అని కసిరింది. తమ్ముడు గుంత తవ్వాడు, నేను తట్టతో పెంట తెచ్చాను. మరదలు ఎప్పుడు బయటికి వచ్చిందో, చెంబుతో నీళ్లు పట్టుకుని నిలబడింది. ఈసారి అవ్వ ఆమెను లోపలికి పొమ్మనలేదు. కొడవలి మొనతో మట్టి జరిపి, వేరు కిందికి ఉండేటట్టు, ఒక్కో మొలకను అవ్వే పెట్టింది. మిగతా గింజలను కడిగి చాటలో ఆరబోసింది. ఆ సాయంత్రం, నేను అంతకుముందు మార్కెట్టులో తెచ్చిన పాకెట్టును నా సంచిలో పెడుతూ, "నీ బడి పిల్లలకియ్యి" అంది.

దసరాకు కొట్టం మీద ఆకు కమ్మింది. మరదలుకు టేకుమట్లలో ఆడపిల్ల పుట్టింది. బాలింత గదిలోంచే ఫోను చేసి మరదలు అడిగిన మొదటి మాట, "అత్తమ్మా, బూడిద పూసిందా?" అని. కొక్కేనికి వేరే కాయ ఏదీ కట్టలేదు వాళ్లు. ఇంటి ముందు నుంచి పోయేవాళ్లు కాయ ఏదని అడిగితే, తమ్ముడు కాయ ఇంకా తీగ మీదనే ఉన్నదని చెప్పేవాడట.

మాఘంలో ఊళ్లో కొత్త ఇండ్లవాళ్లు ఇద్దరు ముగ్గురు వచ్చి దర్వాజ దగ్గర కేకేశారు. మొదటి కేకకు అవ్వ లేవలేదు, పక్కింటికి అనుకుంది. ఎదురింటావిడ మాత్రం తలుపు వేసుకునే ఉంది. ఉండనీ. చాలా కాయలు కొట్టం మీద మిగిలిపోయాయి, అవ్వకు ఆ బాధ ఉంది, లేదని రాస్తే అబద్ధం.

పిల్లను టేకుమట్ల నుంచి చెల్పూరుకు తీసుకొచ్చిన రోజు నేను, అవ్వ పోయినం. అవ్వ ఒడిలో కాయ. వరంగల్లులో బస్సు మారేటప్పుడు నా చేతికి ఇవ్వలేదు, నేను కూడా పడేస్తానని. ఇంటికి చేరాక తమ్ముడు స్టూలు తెచ్చి గుమ్మం కింద వేశాడు. ఎక్కబోతుంటే మరదలు పిల్లను ఎత్తుకుని వచ్చి నిలబడింది.

"అత్తమ్మను కట్టనియ్యి."

అవ్వ రెండడుగులు వెనక్కి వేసింది. "నేనేందే. పసిపిల్ల ఉన్న ఇల్లు. నా చెయ్యి..."

"గింజ పెట్టిన చెయ్యి ఎవ్వలదత్తమ్మా?" అంది మరదలు. నెమ్మదిగానే అంది, ఆ పిల్ల ఏదైనా నెమ్మదిగానే అంటుంది. వాకిట్లో ఇరుగుపొరుగు ఆడవాళ్లు ఉన్నారు. వాళ్లలో ఒకామె నోరు తెరవబోయి నన్ను చూసి మూసుకుంది.

అవ్వ కొంగు దోపుకుని స్టూలు ఎక్కింది. తమ్ముడు కింద స్టూలును గట్టిగా పట్టుకున్నాడు, నేను కాయను పైకి అందించాను. కొక్కేనికి నాయిన వేసిన ముడి అట్లనే ఉంది, కిందికి జానెడు తాడుతో. విప్పి కొత్త తాడు వెయ్యమని నేను అనబోయాను. అవ్వ ఆ తాడును ఒకసారి లాగి చూసింది. ఊడలేదు. దానికే కట్టింది.